ఇంజను పలకని వేళ

తూర్పు తీరంలోని చేపల రేవులు తెల్లవారకముందే మేలుకొంటాయి. విశాఖపట్నంలో, కాకినాడలో, ఒడిశాలోని పారాదీప్‌లో, చెన్నైలోని కాశిమేడులో మరపడవల ఇంజన్లు ఒకదాని తరవాత ఒకటి పలుకుతాయి. పూరీ, గోపాలపురం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు మత్స్యకారుల పిల్లలకు ఇంజను చప్పుడు కొత్త కాదు. ఆ చప్పుడు రావలసిన సమయానికి రాకపోతే ఏమవుతుందో కూడా వారికి తెలుసు.

ఒక మరపడవ భీమునిపట్నానికి ఎదురుగా, ఒడ్డుకు కొంచెం దూరంలో లంగరు వేసి రాత్రి గడిపిందనుకోండి. తెల్లవారుజామున గాలి మారింది. సముద్రం మీది నుంచి ఒడ్డువైపు వీస్తోంది. లంగరు ఇసుకలో పట్టు తప్పి కొద్దికొద్దిగా ఈడ్చుకు వస్తోంది. వెనుక చీకట్లో కెరటాలు విరిగే చప్పుడు దగ్గరవుతోంది. సరంగు ఇంజను తాళం తిప్పాడు. ఇంజను కదలలేదు.

“ఏటిరా, ఇంజను పలకదేం?” అని పైనుంచి అరిచాడు.

“లైటు బాగానే వెలుగుతోంది మావా. బ్యాటరీలో లోటు లేదు. మళ్ళీ తిప్పు” అని ఇంజను గదిలోంచి డ్రైవరు బదులు చెప్పాడు.

సరంగు మళ్ళీ తిప్పాడు. డ్రైవరు ఇంజను పక్కన చెక్కకు బిగించి ఉన్న ఒక నల్లని పెట్టె మీద వేలు ఆనించి చూశాడు. ఆ పెట్టె పిడికిట్లో దాగేంతది. రోజూ తాళం తిప్పగానే అందులో ‘టక్’ మనేది. ఆ వెంటనే ఇంజను తిరిగేది. ఆ రోజు టక్ మనలేదు. వేలికి చిన్న అదురు కూడా తగలలేదు.

ఆ పెట్టె పేరు రిలే. టన్నుల బరువున్న పడవను నడిపే ఇంజను, ఇంత చిన్న వస్తువు కోసం ఎందుకు ఆగిపోయింది?

డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులో మాదిరి నిప్పురవ్వ అవసరం లేదు. సిలిండరులోని గాలిని ముషలకం దాదాపు పదహారు నుంచి ఇరవై వంతులకు కుదిస్తుంది. అంతగా కుదించిన గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతిలో నడిచే ఇంజనును 1897లో చేసి చూపాడు. (ఆయన జీవితం సముద్రంలోనే ముగిసింది. 1913 సెప్టెంబరులో ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు ఓడలో వెళుతూ రాత్రివేళ కనిపించకుండా పోయాడు.)

అయితే గాలిని కుదించడానికి మొదట ఎవరో ఒకరు ఇంజనును తిప్పాలి. చిన్న ఇంజన్లను చేతి కడ్డీతో తిప్పవచ్చు. ఆరు సిలిండర్ల ఇంజను మనిషి బలానికి లొంగదు. దాన్ని తిప్పడానికి ఒక విద్యుత్తు మోటారు ఉంటుంది. పనివాళ్ళు దాన్ని ‘సెల్ఫ్’ అంటారు. కొద్ది సెకన్లు మాత్రమే పనిచేసే ఈ మోటారు బ్యాటరీ నుంచి కొన్ని వందల ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. అంత ప్రవాహం సరంగు చేతిలోని తాళం గుండా పోతే తాళం కరిగిపోతుంది. అందుకే సెల్ఫ్ మీద సోలినాయిడ్ అనే బలమైన మీట ఉంటుంది. మోటారుకు విద్యుత్తును కలిపేది అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సోలినాయిడ్‌ను కదిలించడానికి కూడా క్షణకాలం 40 ఆంపియర్ల దాకా కావచ్చు. తాళం పైన సరంగు గదిలో, సోలినాయిడ్ కింద ఇంజను గదిలో ఉంటాయి. రానుపోను తీగ పొడవు 20 మీటర్లనుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగితీగ అంత పొడవుకు సుమారు 0.14 ఓముల నిరోధం చూపుతుంది. ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. కాని 40 ఆంపియర్లు పోవాలంటే 40 ని 0.14 తో హెచ్చించి చూడండి. ఐదున్నర వోల్టులకు పైగా తీగలోనే ఖర్చవుతుంది. 12 వోల్టుల బ్యాటరీలో సోలినాయిడ్‌కు సగం కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది. అది మూలుగుతుంది గాని కదలదు.

ఈ చిక్కును విప్పేదే రిలే. దాని లోపల సన్నని తీగను వేల చుట్లు చుట్టిన తీగచుట్ట ఒకటి, దాని నడుమ ఇనుప కడ్డీ, పైన స్ప్రింగు పట్టి ఉంచిన ఇనుప రేకు ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే కడ్డీ అయస్కాంతమవుతుంది. రేకును లాగుతుంది. రేకు కదిలి రెండు లోహపు మొనలను కలుపుతుంది. వేలికి తగిలే ‘టక్’ అదే. తీగచుట్ట నిరోధం దాదాపు 90 ఓములుంటే దానికి 0.13 ఆంపియరు చాలు. ఇంత కొద్ది ప్రవాహానికి పొడవైన తీగలో పోయే నష్టం లెక్కకు రాదు. పెద్ద ప్రవాహం మాత్రం బ్యాటరీ నుంచి రిలే మొనల గుండా, పక్కనే ఉన్న సోలినాయిడ్‌కు దగ్గరి దారిలో, లావుపాటి తీగలో వెళుతుంది. సరంగు తాళం ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. రిలే ఆ ఆజ్ఞను అందుకొని బరువు మోస్తుంది.

రిలే అనే మాటకు గుర్రాలతో సంబంధం ఉంది. పూర్వం ఐరోపాలో దూరప్రయాణం చేసేవారు దారిలో అలసిన గుర్రాలను విడిచి, తాజా గుర్రాలను కట్టుకొనేవారు. ఆ మార్పిడి పేరే రిలే. పరుగు పందెంలో కర్ర చేతులు మారడాన్ని కూడా అందుకే ఆ పేరుతో పిలుస్తారు. 1830ల తరవాత తంతి వార్తలు దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంటే, ఆ బలహీనమైన ప్రవాహంతో ఒక విద్యుదయస్కాంతాన్ని మాత్రం కదిలించి, అక్కడ కొత్త బ్యాటరీతో వార్తను ముందుకు పంపేవారు. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ ఈ ఉపాయానికి దారి చూపినవారిలో ముఖ్యుడు. మనదేశంలో తంతి సేవ 2013లో ఆగిపోయింది. దాని రిలే మాత్రం కార్లలో, లారీలలో, పడవలలో నేటికీ టక్ మంటూనే ఉంది.

మళ్ళీ పడవలోకి వద్దాం. సరంగు కలాసీలను పిలిచి లంగరు తాడు మరో ఇరవై బారలు వదలమన్నాడు. తాడు పొడవైతే లాగుడు పైకి కాక అడ్డంగా పడుతుంది. లంగరు ఇసుకలో మళ్ళీ దిగుతుంది. దానివల్ల కొంత వ్యవధి దొరికింది.

తొందర ఉన్నా డ్రైవరు వెంటనే రిలేను పీకలేదు. తప్పు దానిదేనని ఇంకా తేలలేదు. మొదట గేరు తటస్థంగా ఉన్నదీ లేనిదీ చూశాడు. చాలా పడవల్లో గేరు పడి ఉంటే సెల్ఫ్ తిరగకుండా ఒక స్విచ్ అడ్డుకొంటుంది. అది సరిగానే ఉంది. సరంగు తాళం తిప్పినప్పుడు గదిలోని దీపం మసకబారలేదు. ఇది గమనించదగ్గ విషయం. దీపం బాగా మసకబారితే విద్యుత్తు సెల్ఫ్ దాకా పోతోందనీ, బ్యాటరీ నీరసించిందో, దాని కొనలు వదులయ్యాయో, ఇంజనే బిగుసుకుందో అనీ అర్థం. మసకబారలేదంటే విద్యుత్తు దారిలో ఎక్కడో ఆగిపోయింది.

రిలే అడుగున నాలుగు కాళ్ళుంటాయి. వాటి పక్కన 30, 85, 86, 87 అనే అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఇవి జర్మనీ వాహన పరిశ్రమ ఏర్పరచిన గుర్తులు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. 85, 86 తీగచుట్ట రెండు కొనలు. 30కి బ్యాటరీ నుంచి తీగ వస్తుంది. 87 నుంచి సోలినాయిడ్‌కు తీగ పోతుంది. ఈ నాలుగు అంకెలు తెలిసినవాడికి రిలే రహస్యమేమీ కాదు.

డ్రైవరు రెండు తీగలు కట్టిన చిన్న బల్బును తీశాడు. సరంగు తాళం తిప్పి పట్టుకోగా, బల్బు తీగలను 85, 86 కాళ్ళకు ఆనించాడు. బల్బు వెలిగింది. పై నుంచి ఆజ్ఞ వస్తోంది. అయినా టక్ మనడం లేదు. అంటే తీగచుట్ట తెగిపోయింది.

బల్బు వెలగకపోయి ఉంటే? అప్పుడు రిలే నిర్దోషి. తాళంలోనో, ఫ్యూజులోనో, గేరు స్విచ్‌లోనో, దారిలోని తీగలోనో లోపం వెతకాలి. టక్ మంటున్నా సెల్ఫ్ తిరగకపోతే దారి వేరు. 30 దగ్గర విద్యుత్తు ఉండి, టక్ మన్నప్పుడు 87 దగ్గర లేకపోతే లోపలి మొనలు మాడిపోయాయన్నమాట. 87 దగ్గర కూడా ఉంటే తప్పు సోలినాయిడ్‌ది లేదా సెల్ఫ్‌ది. ఇవేవీ చూడకుండా కొత్త రిలేలు కొని మార్చేవారు తక్కువేమీ కాదు. డబ్బు పోతుంది, లోపం పడవలోనే ఉండిపోతుంది.

మొనలు ఒకదానికొకటి అతుక్కుపోవడం అన్నిటికంటే ప్రమాదకరం. అప్పుడు తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. వెంటనే బ్యాటరీ మెయిన్ స్విచ్ తీసేయాలి. లేకపోతే మోటారు మాడుతుంది, తీగలు కాలుతాయి.

ఆ పడవలో విడి రిలే లేదు. కాని రాత్రిళ్ళు వల లాగేటప్పుడు వెలిగించే పెద్ద దీపాలకు మరో రిలే ఉంది. డ్రైవరు దాని మీది రాతలు చదివాడు. 12 వోల్టులు, 40 ఆంపియర్లు, నాలుగు కాళ్ళు. పాతదాని మీదా అవే ఉన్నాయి. ఈ చదవడం తప్పనిసరి. కొన్ని పడవల్లో 24 వోల్టుల బ్యాటరీలుంటాయి. 12 వోల్టుల రిలేను అక్కడ పెడితే తీగచుట్ట వేడెక్కి మాడుతుంది. 24 వోల్టులదాన్ని 12 వోల్టులకు పెడితే లాగే బలం చాలదు. కొన్ని రిలేలలో డయోడ్ అనే చిన్న భాగం ఉంటుంది. వాటిలో 85, 86 తారుమారు కారాదు.

డ్రైవరు మెయిన్ స్విచ్ తీశాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. కెరటాల చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది. కలాసీ టార్చి పట్టుకొన్నాడు. ఇంత హడావుడిలోనూ స్విచ్ ఎందుకు తీయాలంటే, 30వ కాలు తీగ నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది. పానా దానికీ ఇంజను ఇనుముకూ ఒకేసారి తగిలితే నిప్పులు రాలుతాయి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు నిప్పు తగిలితే పేలుతుంది. రిలే పనిచేయనప్పుడు సోలినాయిడ్ కొనలను స్క్రూడ్రైవరుతో కలిపి ఇంజను లేపేవారున్నారు. గేరు పడి ఉంటే పడవ ఉన్నపాటున ముందుకు ఉరుకుతుంది. చేతులు కాలినవారూ ఉన్నారు.

పాత రిలేను తీగలను పట్టి కాక, పెట్టెను పట్టుకొని నిటారుగా లాగాడు. దాని కాళ్ళకు పచ్చని చిలుము పట్టి ఉంది. ఆ కాళ్ళు దిగే గూడులోనూ చిలుమే. కొత్తది పెట్టినా చిలుము మీద పెడితే విద్యుత్తు సరిగా పోదు. ఉప్పుకాగితం చీలికతో గూడును గీకి, పొడిబట్టతో తుడిచాడు. దీపాల రిలేను కాళ్ళు సరిచూసి నొక్కాడు. మెయిన్ స్విచ్ వేశాడు.

“తిప్పు మావా!”

టక్ మంది. సెల్ఫ్ తిరిగింది. రెండు దగ్గుల తరవాత ఇంజను అందుకొంది. ఒకసారి లేచాక దానికి రిలేతో పనిలేదు. గాలిని తానే కుదించుకొంటుంది, డీజిల్‌ను తానే పంపుకొంటుంది. (ఇంజనుకు డీజిల్ అందించే కవాటాన్ని విద్యుత్తుతో తెరిచి ఉంచే పడవల్లో మాత్రం ఆ కవాటపు రిలే పోతే నడుస్తున్న ఇంజను కూడా ఆగిపోతుంది.) కలాసీలు లంగరు లాగారు.

రేవు చేరాక డ్రైవరు పాత రిలే మూతను విప్పి చూశాడు. వెంట్రుక కంటే సన్నని తీగ ఒకచోట చిలుము తిని తెగి ఉంది. అంతదాకా నీరు ఎలా వచ్చింది? రిలే కాళ్ళు పైకి ఉండేటట్లు బిగించారు. దానికి సరిగ్గా పైన డెక్కు పలకల అతుకు ఒకటి విడిపోయింది. కెరటం డెక్కు మీద కొట్టినప్పుడల్లా ఉప్పునీటి చుక్క ఆ కాళ్ళ మీద పడి, లోపలికి దిగుతూ వచ్చింది. కొత్త రిలే పెట్టి ఊరుకొంటే మరికొన్ని నెలలకు అదీ ఇలాగే పోయేది.

వడ్రంగి అతుకును పూడ్చాడు. డ్రైవరు గూడును అక్కడినుంచి తీసి, పక్క చెక్కకు, నీరు జారిపోయేటట్లు కాళ్ళు కిందికి ఉండేలా బిగించాడు. కాళ్ళకు పల్చగా వాజిలైన్ రాశాడు. దీపాల రిలే దాని చోటికి వెళ్ళింది. బజారు నుంచి రెండు రిలేలు వచ్చాయి. ఒకటి గూడులోకి, రెండోది మూత గట్టిగా పట్టే బిస్కెట్ల డబ్బాలో, బల్బు తీగల పక్కకు చేరాయి.