పసుపులో మూడు పీకులు

ఆళ్లగడ్డ ప్రాంతంలో పండే పసుపుకు రంగు తెచ్చే ముఖ్య పదార్థాలు మూడు: కుర్కుమిన్, డీమిథాక్సీకుర్కుమిన్, బిస్‌డీమిథాక్సీకుర్కుమిన్. మూడింటి అణువులూ ఇంచుమించు ఒకే పోలిక. మొదటిదానికి రెండు మిథాక్సీ సమూహాలు ఉంటాయి, రెండోదానికి ఒకటి, మూడోదానికి అసలు ఉండవు. పసుపు కొమ్ములో ఏది ఎంత ఉందో తేల్చాలంటే ముందు వీటిని విడదీయాలి. అందుకు వాడేది ద్రవ క్రొమాటోగ్రఫీ, ప్రయోగశాలల్లో అందరికీ అలవాటైన పేరుతో చెప్పాలంటే హెచ్‌పీఎల్‌సీ.

ఇందులో కాలమ్ అనే స్టీలు గొట్టం ఉంటుంది. దాని నిండా సన్నని సిలికా రేణువులు, వాటి ఒంటినిండా పద్దెనిమిది కార్బన్ల గొలుసులు. అందుకే దీన్ని సీ18 కాలమ్ అంటారు. పంపు తోసే ద్రావకంతో పాటు నమూనా ఈ గొట్టం గుండా సాగుతుంది. గొలుసులను ఎక్కువగా అంటుకునే పదార్థం ఆలస్యంగా బయటికి వస్తుంది. పసుపు విషయంలో మామూలుగా బిస్‌డీమిథాక్సీ ముందు, కుర్కుమిన్ చివర. 420 నానోమీటర్ల దగ్గర పెట్టిన డిటెక్టర్ ఒక్కోదాన్నీ ఒక్కో పీకుగా గీస్తుంది.

చిక్కల్లా పీకులు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడే. పీకు ఎంత సన్నగా వస్తే కాలమ్ అంత సమర్థంగా పనిచేసినట్టు. ఈ సామర్థ్యాన్ని ‘ప్లేట్ల’లో లెక్కిస్తారు. 1941లో మార్టిన్, సింజ్ అనే శాస్త్రవేత్తలు స్వేదనం నుంచి తెచ్చుకున్న లెక్క ఇది. వారికి 1952లో నోబెల్ బహుమతి వచ్చింది. పీకు వచ్చిన సమయాన్ని సగం ఎత్తు దగ్గర దాని వెడల్పుతో భాగించి, వర్గం చేసి, 5.54తో గుణిస్తే ప్లేట్ల సంఖ్య వస్తుంది. పదో నిమిషంలో వచ్చిన పీకు వెడల్పు 0.2 నిమిషాలైతే 13,850 ప్లేట్లు.

పీకు ఎందుకు వెడల్పవుతుందో 1956లో వాన్ డీమ్టర్, ఆయన సహచరులు ఒక సమీకరణంలో పెట్టారు. మొదటి కారణం దారుల తేడా. దిగువ అహోబిలంలో ఒకేసారి బయలుదేరిన యాత్రికులు తలా ఒక అడవిదారి పట్టి, ఎగువ అహోబిలానికి వేర్వేరు వేళల్లో చేరినట్టే, అణువులూ రేణువుల సందుల్లో తలో దారి పడతాయి. రెండోది, ప్రవాహం మరీ నెమ్మదిస్తే అణువులు అటూ ఇటూ విస్తరించడం. మూడోది ఇందుకు వ్యతిరేకం: ప్రవాహం మరీ వేగమైతే, రేణువు రంధ్రాల్లోకి దూరిన అణువు తిరిగి బయటపడే లోపే మిగతావి ముందుకు పోతాయి. అందుకే ప్రతి కాలమ్‌కూ అనువైన వేగం ఒకటి ఉంటుంది.

రేణువు చిన్నదైతే మొదటి, మూడో కారణాలు రెండూ తగ్గుతాయి. పరిమాణం సగమైతే ప్లేట్లు దాదాపు రెట్టింపవుతాయి, కానీ అదే వేగానికి పీడనం నాలుగింతలు కావాలి. 5 మైక్రాన్ల రేణువులకు సరిపోయే పాత యంత్రాల హద్దు సుమారు 400 బార్లు. 2004లో మార్కెట్‌కు వచ్చిన యూపీఎల్‌సీ యంత్రం దాదాపు 1,000 బార్ల పీడనంతో 1.7 మైక్రాన్ల రేణువులను వాడుకోగలిగింది. అంత ఖరీదు పెట్టలేనివారికి గట్టి గుండు మీద పలుచని రంధ్రాల పొర ఉండే 2.7 మైక్రాన్ల కోర్‌షెల్ రేణువులు మంచి మధ్యేమార్గం. పాత యంత్రం మీదే చాలావరకు నడుస్తాయి.

అయితే ప్లేట్ల వెంటపడటంలో లాభం అనుకున్నంత ఉండదు. విడివడటం ప్లేట్ల వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కాలమ్ పొడవు రెట్టింపు చేస్తే సమయం, ద్రావకం, పీడనం అన్నీ రెట్టింపవుతాయి. ఫలితం మాత్రం 1.4 రెట్లే. రెండు పదార్థాలను కాలమ్ పట్టి ఉంచే తీరులోని నిష్పత్తిని 1.05 నుంచి 1.10కి పెంచితే విడివడటం 1.9 రెట్లవుతుంది. దీనికి చాలాసార్లు మిథనాల్ బదులు ఎసిటోనైట్రైల్ వాడటమో, పీహెచ్ మార్చడమో చాలు. ఎసిటోనైట్రైల్ పలుచన కాబట్టి పీడనం కూడా తగ్గుతుంది. కాకపోతే ఖరీదెక్కువ. 2008–09లో ప్రపంచమంతా దానికి కరువొచ్చి ప్రయోగశాలలు ఇబ్బంది పడ్డాయి. పసుపు నమూనాలకు ద్రావకంలో కాస్త ఆమ్లం కలుపుతారు. క్షార ద్రావణంలో కుర్కుమిన్ విరిగిపోతుంది, ఆమ్లంతో పీకు వెనక సాగే తోక కూడా తగ్గుతుంది.

నంద్యాల శాంతిరామ్ ఫార్మసీ కాలేజీ మొదలుకొని రాష్ట్రంలో చాలా ఫార్మసీ కాలేజీల్లో హెచ్‌పీఎల్‌సీ పద్ధతిని తయారుచేయడం ఎం.ఫార్మసీ విద్యార్థులకు పరిచితమైన ప్రాజెక్టు. అక్కడ కొత్త కాలమ్ కొనేముందు చూడాల్సినవి చిన్న విషయాలే. కాలమ్‌ను యంత్రానికి కలిపే గొట్టాలు పొడవుగా, లావుగా ఉంటే కాలమ్ సాధించిన సన్నదనాన్ని అవి బయట పాడుచేస్తాయి. నమూనాను మొబైల్ ఫేజ్ (పంపు తోసే ద్రావకం) కంటే బలమైన ద్రావకంలో కరిగిస్తే తొలి పీకులు చెదురుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాలలో కాలమ్ ఓవెన్ లేకపోతే పొద్దున ఒక సమయానికి వచ్చిన పీకు మధ్యాహ్నం మరో సమయానికి వస్తుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచే లవణ ద్రావణం, అంటే బఫర్, వాడాక నీటితో కడగకుండా నేరుగా ఎసిటోనైట్రైల్ పంపితే లవణాలు పేరుకుని కాలమ్ మూసుకుపోతుంది.

నమూనాలు పెట్టే ముందు ప్రామాణిక ద్రావణాన్ని ఐదారుసార్లు ఎక్కించి చూస్తారు. పీకులు ఎంత విడివడ్డాయో చెప్పే రిజల్యూషన్ 1.5కు తగ్గకూడదు, తోక కొలత సాధారణంగా 2 దాటకూడదు. ఈ పరీక్ష తప్పితే ఆ రోజు వచ్చిన ఫలితాలేవీ చెల్లవు.