ఆటకు కృతిభర్తలు

మన ప్రాచీన కావ్యమును తెరచినచో కథ వెంటనే మొదలు కాదు. ముందు ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద, అటుపిమ్మట కృతిభర్త వంశవర్ణన, ఆపైన షష్ఠ్యంతములు. ఇవన్నియు ముగిసిన గాని కథ కదలదు. విద్యార్థులు సాధారణముగా ఈ అవతారికను దాటిపోవుదురు. పరీక్షలో రాదను ధైర్యము కొంత, పొగడ్తలపై విసుగు కొంత. అధ్యాపకులమైన మనము సైతము దానిని త్వరగా ముగించి కథలోనికి పోవుట కద్దు. అట్టి అవతారిక విలువ ఇటీవల తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి వలన నాకే క్రొత్తగా తెలిసి వచ్చినది.

ఆనాడు పాఠము కృతిసమర్పణము. విషయము దగ్గరగా ఉండవలెనని, “భారత క్రికెట్ జట్టు చొక్కాలపై ఇంతవరకు ఏయే పేర్లు వెలసినవి?” అని అడిగినాను. వెనుక బల్లలవారు సైతము ఉత్సాహముతో నాలుగైదు పేర్లు చెప్పినారు. “ఆ పేర్లు అక్కడ ఎందుకున్నవి?” అన్నాను. కొంత నిశ్శబ్దము తరువాత ఒక విద్యార్థి, “ఆటమీది ప్రేమతో డబ్బు ఇచ్చియుందురు సార్” అన్నాడు. తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. అందరును అదే అనుకొనుచున్నారు కాబోలు. ఆ జవాబు నన్ను ఇంటివరకు వెంబడించినది.

వర్తకుడు వేడుకకు డబ్బిచ్చుట, తన పేరు నిలుపుకొనుట మనకు క్రొత్త కాదు. ఈ గుంటూరు సీమలోనే కొండవీడు రాజధానిగా రెడ్డిరాజులు ఏలినారు. పదునాలుగవ శతాబ్ది చివర కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవములు జరిపించి కర్పూర వసంతరాయలని బిరుదు పొందినాడు. ఆ ఉత్సవములకు కర్పూరము, కస్తూరి మొదలగు సుగంధద్రవ్యములను సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. ఆ తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినాడు. వసంతోత్సవమునకు సరకులిచ్చి, కావ్యమునకు కృతిభర్తయైన ఆ సెట్టిని నేటి మాటలో స్పాన్సరు అనవచ్చును.

కాని ఒక భేదము గమనింపదగినది. శ్రీనాథుడు తిప్పయసెట్టి పేరుమాత్రము చెప్పి ఊరకుండలేదు. అతని వంశమేదో చెప్పినాడు, వ్యాపారమేదో చెప్పినాడు. ఏ దేశమునుండి ఏనుగులు వచ్చునో, ఏ రేవునుండి గుర్రములు దిగునో, పట్టుబట్టలు ఏ చీనానుండి వచ్చునో ఏకరువు పెట్టినాడు. పొగడ్త పొగడ్తయే, అయినను ఆ పొగడ్తలో కృతిభర్త చిరునామా ఉన్నది. చదివినవానికి ఇతడెవడు, ఏమి అమ్మును, ఆ ధనమెక్కడిది అను మూడు ప్రశ్నలకు జవాబు దొరకును. నేటి చొక్కామీద ఉన్నది కేవలము పేరు. అనగా షష్ఠ్యంతము మిగిలినది గాని అవతారిక ఎగిరిపోయినది.

నా విద్యార్థిదశలోని ఉదాహరణమునే చెప్పెదను. 1975, 1979, 1983 సంవత్సరముల ప్రపంచకప్పు పోటీలు ఇంగ్లండులో జరిగినవి. వానికి ప్రుడెన్షియల్ అను బీమా సంస్థ పేరుండెను. 1987లో ఆ పోటీ మొదటిసారి ఇంగ్లండు దాటి భారత, పాకిస్తానములకు వచ్చినది. అప్పుడు దాని పేరు రిలయన్స్ కప్పు. ఆ అక్టోబరు 10వ తేదీన హైదరాబాదు లాల్‌బహదూరు స్టేడియములో న్యూజిలాండుతో జింబాబ్వే తలపడినది. జింబాబ్వే ఆటగాడు హౌటన్ ఒక్కడే 142 పరుగులు చేసినాడు. అయినను ఆ జట్టు మూడే పరుగుల తేడాతో ఓడినది. ఊరిలో రేడియో చుట్టు మూగి “రిలయన్స్ కప్పు, రిలయన్స్ కప్పు” అని పలవరించిన వారిలో నేనొకడను. ఆ సమాసములో పూర్వపదము ఎవరిదని ఒక్కనాడైనను విగ్రహవాక్యము చెప్పుకొన్నామా?

అది నాడు ‘విమల్’ బట్టలకు పేరొందిన సంస్థ. పత్రికలలోను దూరదర్శనములోను “ఓన్లీ విమల్” అను రెండు మాటలు మారుమ్రోగిన కాలమది. 2006లో అదే సంస్థ కూరగాయలు, పచారీ సరకులు అమ్ము దుకాణముల వరుసను దేశములో మొట్టమొదట హైదరాబాదులోనే ప్రారంభించినది. 2008లో ఐ.పి.ఎల్. పోటీలు ఆరంభమైనప్పుడు ముంబయి జట్టును కొన్నది. నేడు గుంటూరులోను, ఒంగోలులోను దాని దుకాణములు కలవు. అవి వెలయుటకు ఎన్నో ఏండ్ల ముందే ఆ పేరు మన ఇండ్లలో చుట్టమై కూర్చున్నది. క్రొత్త దుకాణములో అడుగిడువాడు క్రొత్తవాని యింటికి పోవుచున్నానని అనుకొనడు. ఆటకు పెట్టిన డబ్బు కొన్నది ఈ చుట్టరికమునే. ఇందు నేరమేమియు లేదు, అది వర్తకధర్మము. కాని దానిని ప్రేమ అనరాదు.

రెండవ ఉదాహరణము మన నేలకు మరింత దగ్గరది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ స్థాపితమైనది. రెండేండ్లకే, 1912లో, ఆకు సేకరణకై దాని అనుబంధ సంస్థ మన గుంటూరు జిల్లాలో వెలసినది. ఆ కంపెనీయే తరువాత ఐ.టి.సి. అయినది. దాని ‘విల్స్’ సిగరెట్టు పేర 1977–78 నుండి దేశములో విల్స్ ట్రోఫీ ఆడినారు. 1996లో ప్రపంచకప్పే విల్స్ కప్పు అయినది. హైదరాబాదు, విశాఖపట్నములలో కూడ ఆ పోటీలు జరిగినవి. భారత జట్టు చొక్కాలపైనను ఆ పేరే. ఊపిరి నిండుగా ఉన్నగాని పరుగెత్తలేని ఆటకు, ఊపిరితిత్తులను కాల్చు వస్తువు కృతిభర్త అయినది!

ఆ కప్పు ఫిబ్రవరి నడుమనుండి మార్చి 17 వరకు జరిగినది. ఆ రోజులలో కొండపి, టంగుటూరు ప్రాంతముల రైతుకు కన్నుమూయుటకు తీరిక ఉండదు. చేలో ఆకు విరుచుట, కఱ్ఱలకు అల్లుట, బ్యారనులో రాత్రింబవళ్ళు మంట చూచుట—అంతయు అప్పుడే. పెద్దలు బ్యారను దగ్గర నిద్ర కాచుచుండగా పిల్లలు టీవీ ముందర విల్స్ కప్పు చూచుచుండిరి. రెండు దృశ్యములకును నడుమ ఒకే వ్యాపారమున్నదని ఆ పిల్లలకు ఎవరును చెప్పలేదు.

2000లో ఐ.టి.సి. ఢిల్లీలో ‘విల్స్ స్పోర్ట్’ పేర బట్టల దుకాణము తెరచినది. క్రమముగా అట్టివి పలునగరములకు వ్యాపించినవి. సిగరెట్టు పేరు కప్పు మీదికి, కప్పునుండి చొక్కామీదికి, చొక్కానుండి దుకాణపు నుదుటికి చేరినది. అలంకారశాస్త్రము చదివినవారికి ఇది సులభముగా అర్థమగును. వాచ్యార్థము బట్టలు; ధ్వని మరొకటి. పొగాకు ప్రకటనలను, క్రీడలకు పొగాకు సంస్థల ప్రాయోజకత్వమును 2003 నాటి చట్టము నిషేధించినది. చట్టము రాకముందే, 2001లో, ఐ.టి.సి. క్రీడల ప్రాయోజకత్వమునుండి తప్పుకొన్నది.

తరువాత చొక్కామీదికి వచ్చిన పేర్లలో రెండు విద్యార్థులకు తగులునవి. 2019లో బైజూస్ వచ్చినది. అది అమ్మినది చదువు. 2024 జూలైలో, క్రికెట్ బోర్డుకు చెల్లింపని బాకీ వ్యాజ్యము మీదనే, ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైనది. 2023లో డ్రీమ్11 వచ్చినది. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆట దాని సరకు. అట్టి ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో చట్టము రాగానే ఆ పేరు చొక్కానుండి తొలగినది. కృతిభర్తలు మారుచున్నారు, చొక్కా అదే, దానిని చూచి మురియు బాలుడును అదే.

అట్లని వర్తకుని ధనమంతయు దోషమనుట అన్యాయము. 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో ఆ మందును ఉచితముగా పంచి ప్రచారము చేసినారు. ఆ రాబడియే 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతికి ఊతమైనది. మన ఊళ్ళ తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలను చూడుడు. రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత అని విభాగములు చేసి, ఒక్కొక్క బహుమతికి దాత పేరును మైకులో చదువుదురు. ఆ దాత ఎరువుల కొట్టువాడు కావచ్చును, విత్తనముల వ్యాపారి కావచ్చును. కాని అతని కొట్టు మనకు తెలియును. విత్తనము మొలవకున్నచో మరునాడు పోయి నిలదీయవచ్చును. ముఖమున్న దాతకు జవాబుదారితనము తప్పదు. ముఖము లేని పేరుకు ఆ బాధ లేదు. ప్రకటనకై పెట్టిన ప్రతి రూపాయి సరకు ధరలో చేరి చివరకు మన జేబునుండియే పోవును. కనుక నిజమైన దాతలము మనమే, పేరుమాత్రము వేరొకరిది.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఒక్కటే. క్రికెట్ చూడవద్దని పిల్లలకు చెప్పనక్కరలేదు, చెప్పినను వినరు. అవతారిక వ్రాయుమని చెప్పుడు. నేను అదే చేసినాను. “మీకు నచ్చిన జట్టు చొక్కామీది ఒక పేరు తీసికొని, ఆ కృతిభర్త ఎవరు, ఏమి అమ్మును, ఎవరికి అమ్మును, ఆ ధనమెక్కడిది—ఒక పుటలో వ్రాసి తెండు” అన్నాను.

ఆటమీది ప్రేమ అని చెప్పిన విద్యార్థి పాత పేరు విల్స్‌ను ఎంచుకొన్నాడు. అతనిది కొండపి దగ్గరి పల్లె. పుట చివర ఇట్లు వ్రాసినాడు: “ఈ కృతిభర్త ఎవరని మా తాతను అడిగితిని. ఆకు కొనువారని చెప్పినాడు. కప్పు సంగతి ఆయనకు తెలియదు. ఆకు సంగతి నాకు తెలియదు.”

ఆ పుటకు నేను మార్కులు వేయలేదు. తరగతిలో బిగ్గరగా చదివించినాను.