పాత వాహనం ఇంజిన్: బాగుచేయించడమా, మార్చడమా?

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఇంజిన్ లోపం ఎక్కడుందో తెలిపే లక్షణాలను గుర్తించగలుగుతారు.
- నిర్ణయానికి సంబంధించిన ఖర్చులను, సంబంధం లేని ఖర్చుల నుంచి వేరుచేయగలుగుతారు.
- కిలోమీటరుకు పడే ఖర్చును లెక్కించి, తగిన మార్గాన్ని సూచించగలుగుతారు.
- ఇంజిన్ మార్చినప్పుడు పాటించవలసిన చట్టపరమైన నియమాలను వివరించగలుగుతారు.

9.1 పరిచయం

తాండూరు పరిసర గనుల్లో తీసిన నాపరాళ్లు లారీల్లో, డి.సి.ఎం. వ్యాన్లలో వికారాబాద్ మీదుగా హైదరాబాద్ వైపు వెళుతుంటాయి. సొంత బండిని తానే నడుపుకునే యజమానికి బండి కదిలితేనే ఇల్లు గడుస్తుంది. అటువంటి బండి ఒకరోజు అనంతగిరి గుట్ట ఎక్కలేక, నీలిపొగ వదులుతూ ఆగిపోయిందనుకుందాం. మెకానిక్ "ఇంజిన్ పని చేయించాలి" అంటాడు. పక్కనున్నవారు "పాత ఇంజిన్ కొని పెట్టించు" అంటారు. ఇంట్లోవాళ్లు "ఇది అమ్మేసి వేరే బండి తీసుకో" అంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏది సరైనదో లెక్క చెప్పాలి.

9.2 ముందు లోపాన్ని నిర్ధారించాలి

పొగ రంగు మొదటి సూచన. నీలిపొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నదని అర్థం. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువగానో, గాలి తక్కువగానో అందుతున్నది. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటర్ నీరు సిలిండర్‌లోకి చేరుతున్నదేమో చూడాలి. అయితే పొగను బట్టి మాత్రమే ఇంజిన్ విప్పించకూడదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా నల్లపొగ వస్తుంది. దానికి ఫిల్టర్ మారిస్తే చాలు.

కంప్రెషన్ తగ్గినట్లు పరీక్షలో తేలితే, అది ఎక్కడ పోతున్నదో తెలుసుకోవాలి. వాల్వులు మూసి ఉన్న స్థితిలో సిలిండర్‌లోకి ఒత్తిడితో గాలి పంపుతారు. ఆ గాలి ఆయిల్ పోసే మూత దగ్గర బయటికి వస్తే రింగులు, లైనర్లు అరిగాయి. సైలెన్సర్ వైపు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, లేదా హెడ్ పగిలి ఉండవచ్చు. ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కింది భాగం నుంచి కొట్టుకుంటున్న శబ్దం వస్తే బేరింగులు, క్రాంక్‌షాఫ్ట్ పరిశీలించాలి.

కారణాన్ని కూడా తొలగించాలి. గనుల దారుల్లో తిరిగే బండికి రాతిదుమ్ము పెద్ద శత్రువు. ఫిల్టర్ గొట్టానికి చిన్న చిరుగు ఉన్నా ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరి రింగులను అరగదీస్తుంది. ఆ గొట్టం మార్చకుండా ఇంజిన్ మారిస్తే, కొత్త ఇంజిన్ కూడా అదే దారిన పోతుంది.

9.3 ఏ ఖర్చులు లెక్కలోకి వస్తాయి?

"పోయిన ఏడాదే క్లచ్‌కు, టైర్లకు అరవై వేలు పెట్టాను, ఇప్పుడెలా అమ్మను?" అనే మాట తరచూ వింటాం. ఆ అరవై వేలు మునిగిన వ్యయం. బండి ఉంచుకున్నా, అమ్మినా ఆ డబ్బు తిరిగి రాదు కనుక అది నిర్ణయాన్ని మార్చకూడదు. ఆ టైర్ల వల్ల ఈరోజు బండికి వచ్చే అదనపు ధర మాత్రం లెక్కలోకి వస్తుంది. పెట్టిన డబ్బు వేరు, మిగిలిన విలువ వేరు. ఈ తేడాను మీరు జాగ్రత్తగా గమనించాలి.

మరోవైపు, బిల్లులో కనిపించని ఖర్చు ఒకటుంది. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు పోగొట్టుకునే ఆదాయం అది. దీన్ని అవకాశ వ్యయంగా చేర్చాలి. వానాకాలంలో గనుల్లో నీరు నిలిచి పని మందగించినప్పుడు ఈ వ్యయం తక్కువగా ఉంటుంది. కాబట్టి ఆగగలిగే పని అయితే అప్పుడు చేయించడం మేలు.

9.4 ఉదాహరణ

కింది అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి. తాండూరులో 12 ఏళ్ల డి.సి.ఎం. వ్యాను ఏడాదికి 25,000 కి.మీ. తిరుగుతుంది. రోజుకు నికర ఆదాయం రూ. 1,500.

(అ) పూర్తి ఓవరాలింగ్: ఖర్చు రూ. 90,000, 12 రోజుల ఆదాయ నష్టం రూ. 18,000, మొత్తం రూ. 1,08,000. ఆయుష్షు 1,20,000 కి.మీ.

(ఆ) సెకండ్ హ్యాండ్ ఇంజిన్: బిగింపుతో సహా రూ. 80,000, 4 రోజుల నష్టం రూ. 6,000, మొత్తం రూ. 86,000. ఆయుష్షు 50,000 కి.మీ.

(ఇ) కంపెనీ ఇంజిన్: బిగింపుతో సహా రూ. 2,30,000; 4 రోజుల నష్టం రూ. 6,000, మొత్తం రూ. 2,36,000. ఆయుష్షు 2,50,000 కి.మీ.

ఆయుష్షుతో భాగిస్తే కిలోమీటరుకు (అ) 90 పైసలు, (ఆ) రూ. 1.72, (ఇ) సుమారు 94 పైసలు. మొదటిదీ మూడోదీ దాదాపు సమానంగా కనిపిస్తాయి. కానీ బండి బాడీ, చాసిస్ ఇంకో నాలుగేళ్లకు మించి పనికిరావనుకుందాం. అప్పుడు ఇంజిన్ ఎంత గట్టిదైనా తిరిగేది 1,00,000 కి.మీ. మాత్రమే. ఈ లెక్కన (అ) రూ. 1.08, (ఇ) రూ. 2.36 అవుతాయి. (ఆ)లో రెండు ఇంజిన్లు కావాలి కనుక రూ. 1.72 వద్దే ఉంటుంది. కాబట్టి ఓవరాలింగ్ మేలు. ఇంజిన్ ఆయుష్షు కాదు, బండికి మిగిలిన ఆయుష్షు ఈ నిర్ణయానికి కొలత.

అదే యజమాని ఒక్క ఏడాదే బండి నడిపి ఆపేయదలిస్తే, (అ) రూ. 4.32, (ఆ) రూ. 3.44 అవుతాయి. నిర్ణయం తారుమారవుతుంది.

ఇప్పుడే అమ్మదలిస్తే ప్రశ్న వేరు. ఉన్నదున్నట్లు అమ్మితే రూ. 2,00,000, బాగుచేసి అమ్మితే రూ. 2,60,000 వస్తాయనుకోండి. రూ. 60,000 అదనపు ధర కోసం రూ. 90,000 పెట్టడం నష్టం.

9.5 చట్టపరమైన అంశాలు

ఆర్.సి.లో ఇంజిన్ నంబరు నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులకు సంబంధించినది. ఇంజిన్ మారిస్తే ఆ విషయాన్ని రవాణా శాఖకు తెలిపి ఆర్.సి.లో కొత్త నంబరు నమోదు చేయించాలి. బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. బిల్లు లేని సెకండ్ హ్యాండ్ ఇంజిన్ చౌకగా దొరికినా కొనకూడదు. అది దొంగిలించిన బండిదైతే చిక్కుల్లో పడేది కొన్నవారే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి.

9.6 సారాంశం

ముందు లోపాన్ని, దాని కారణాన్ని తెలుసుకోవాలి. మునిగిన వ్యయాన్ని వదిలి, ఆదాయ నష్టాన్ని చేర్చాలి. బండి ఇంకా తిరగబోయే కిలోమీటర్లతో మొత్తం ఖర్చును భాగించి మార్గాలను పోల్చాలి.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. టైర్లపై పెట్టిన ఖర్చుకు, టైర్ల ప్రస్తుత విలువకు గల తేడాను వివరించండి.
2. పై ఉదాహరణలో యజమాని రెండేళ్లు మాత్రమే బండి నడపదలిస్తే ఏ మార్గం మేలు? లెక్కించి చూపండి.
3. మీకు తెలిసిన ఒక వాహన యజమానితో మాట్లాడి, ఆయన ఇటీవల తీసుకున్న మరమ్మతు నిర్ణయాన్ని ఈ పద్ధతిలో పరిశీలించండి.