లక్కపిడతలు : చిట్టి సంసారము, పెద్ద బాధ్యత

సంక్రాంతి దినములలో సింగరాయకొండ పరిసర గ్రామములలో పెద్దలకు తీరిక యుండదు. ఒక వైపు ప్రత్తి తీతలు, మరియొక వైపు మిరప కోతలు. ఆ సమయముననే ఇంటి పంచలో పిల్లలు వేరొక సంసారము సాగించుచుందురు. జానెడు పొయ్యిపై గుప్పెడంత కుండ నుంచి, ఇసుకను బియ్యముగాను, ఆకులను కూరగాను భావించి బొమ్మలకు విందు చేయుదురు. ఈ యాటకు మన పూర్వులు గుజ్జనగూళ్ళని పేరు పెట్టిరి. ఇందుకు కావలసిన రోలు, తిరగలి, బిందె, చెంబు, చేట మొదలగు చిట్టి వస్తువులను గురించి, వానిని చేయు విధమును, ఎన్నుకొను విధమును గురించి మా పాఠకులకు తెలుపదలచితిమి. ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. ఒకవైపు బిడ్డల ఆరోగ్యము, మరొకవైపు వృత్తిదారుల జీవనము ఇందులో ఇమిడియున్నవి.

ప్రాచీనమైన కళ

పెద్ద వస్తువును చిన్నదిగా చేసి పిల్లల చేతికిచ్చుట మానవులకు అతి ప్రాచీనమైన అలవాటు. మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో కాల్చిన మట్టితో చేసిన చిన్న బండ్లు లభించినవి. సంస్కృతమున ప్రసిద్ధమైన మృచ్ఛకటిక నాటకమునకు ఆ పేరు ఒక బాలుని మట్టిబండిని బట్టియే వచ్చినది. జర్మనీలోని న్యూరెంబర్గు నగరము చిట్టి వంటయిండ్లకు పేరుపొందినది. ఇంగ్లండులో 1921 మొదలు 1924 వరకు మేరీ రాణికొరకు ఒక బొమ్మరిల్లు నిర్మించిరి. దానికి రూపకల్పన చేసినవారు, కొత్త ఢిల్లీలో నేటి రాష్ట్రపతి భవనమునకు రూపమిచ్చిన లుట్యెన్సుగారే. ఆ యింటిలోని వస్తువులన్నియు అసలు పరిమాణములో 12వ వంతునకు చేయబడినవి. అది నేటికిని విండ్సరు కోటలో ప్రదర్శింపబడుచున్నది.

మన బొమ్మల కొలువు ఈ కళకు తెలుగువారి రూపము. రాణిగారి బొమ్మరిల్లు ఒక్కటే. మన కొలువు మాత్రము సామాన్యుని యింటను వెలయును.

ఏటికొప్పాక పనివారు

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామము లక్కపిడతలకు పెట్టినది పేరు. అక్కడి పనివారు అంకుడు కర్రను వాడుదురు. ఈ కర్ర మెత్తనిది, సన్నని పోగు గలది. తరిమెనపై చీలక తిరుగును. కర్రను బాగుగ ఆరనిచ్చి, తరిమెనకు బిగించి, తిరుగుచుండగా ఉలితో కావలసిన రూపమునకు తెత్తురు. పిదప రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న వస్తువునకు అదిమి పట్టుదురు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కర్రపై సమముగ పరచుకొనును. కడపట మొగలి ఆకుతో రుద్దగా నిగనిగలాడు మెరుపు వచ్చును. లక్క యనునది మోదుగ, రేగు వంటి చెట్ల రెమ్మలపై నివసించు చిన్న పురుగులు స్రవించు పదార్థము.

కొండపల్లి పద్ధతి వేరు. అక్కడివారు తెల్లపొణికి కర్రను ఉపయోగింతురు. భాగములను విడివిడిగ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆపైన రంగులు వేయుదురు. ఏటికొప్పాకది తరిమెన పని. కొండపల్లిది చెక్కుడు పని.

రంగులో దాగిన ప్రమాదము

కొన్ని రసాయనపు రంగులలో సీసము ఉండును. చూచుటకు కాంతివంతముగ నుండు ఇట్టి పసుపు, ఎరుపు రంగులు బిడ్డ నోటిలోనికి పోయినచో క్రమముగ శరీరమున చేరి మెదడు ఎదుగుదలకు హాని చేయును. పసిబిడ్డ ప్రతి వస్తువును నోటితోనే పరీక్షించును గదా! ఈ ప్రమాదమును గుర్తించియే మన దేశమున గృహోపయోగపు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది.

ఏటికొప్పాకలో ప్రకృతి రంగుల పునరుద్ధరణకు శ్రీ సి. వి. రాజుగారు చిరకాలము కృషి సల్పిరి. పసుపుకొమ్ము, నీలియాకు, జాఫ్రాగింజలు మొదలగు వానినుండి తీసిన వర్ణములను లక్కతో మేళవించు పద్ధతి ఆ గ్రామమున నిలద్రొక్కుకొనినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

పరిమాణము ముఖ్యము

రెండవ ప్రమాదము వస్తువు యొక్క చిన్నతనముననే యున్నది. మూడేండ్ల లోపు బిడ్డలకిచ్చు ఆటవస్తువుల పరీక్షకు 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టమును వాడుదురు. అందులో పూర్తిగ ఇమిడిపోవు వస్తువు గొంతున అడ్డుపడగలదు. పది రూపాయల నాణెము వ్యాసము 27 మిల్లీమీటర్లు. కావున నాణెముకంటె కొంచెము పెద్దదైన వస్తువు కూడ పసివారికి అపాయకరమే.

ఇచ్చట ఒక లెక్క చూడుడు. అడుగు ఎత్తుగల బిందెను 12వ వంతునకు చేసినచో అది అంగుళము మాత్రమే యగును. అట్టిది కొలువులో మెట్టుపై నుంచుటకు తగును గాని పసివాని చేతికి తగదు. అదే బిందెను నాలుగవ వంతునకు చేసినచో మూడంగుళములగును. పిల్లలు నిర్భయముగ ఆడుకొనవచ్చును. కొలువు వస్తువులు వేరు, ఆట వస్తువులు వేరు అని ప్రతి తల్లియు గుర్తుంచుకొనవలెను.

ఇంటిలో చేయదగినవి

అన్నింటిని కొనవలసిన పని లేదు. జొన్నదంటు బెండుతో బండి, మంచము, నిచ్చెన చేయవచ్చును. బెండును దంటుపేళ్ళతో గ్రుచ్చి కలిపిన చాలును, మేకులు వలదు. పిల్లల కిచ్చుటకు ముందు పేళ్ళ మొనలను తప్పక విరిచివేయవలెను. తాటిబుర్రలు బండికి చక్రములగును. లేత తాటాకుతో చాప, చేట, బుట్ట అల్లవచ్చును. చెరువు మట్టిని జల్లించి, పిసికి, పిడతలు చేసి, నీడలో ఆరనిచ్చి, కుమ్మరివారి ఆవములో కాల్పించుకొనవచ్చును. చేనిలోని ప్రత్తి చారెడు చిట్టి పరుపునకు సరిపోవును.

కొలువు ముందు తోట పెంచుట మరింత సులభము. వెడల్పైన మట్టిమూకుడులో మన్ను పోసి, పండుగకు వారము దినములు ముందుగా ఆవాలు, మెంతులు లేక రాగులు చల్లి, దినదినము నీరు చిలుకరించినచో భోగి నాటికి పచ్చని చేను సిద్ధమగును. దాని నడుమ ఒక బావి, ఒక పాక, ఒక ఎడ్లబండి నుంచినచో మన పల్లెయే కన్నుల ముందు నిలుచును.

అయితే ఒక హెచ్చరిక. గురివిందగింజలు అందముగ నుండునని బొమ్మల కండ్లకును, నగలకును అతుకు అలవాటు కలదు. వానిని నమిలి మ్రింగినచో ప్రాణాపాయము కలుగును. గన్నేరు పుల్లలు కూడ విషపూరితములే. మిరపపండ్లను కళ్ళముగ అమర్చినచో పిల్లలు ఆ చేతితో కన్ను నులుముకొందురు. వీనిని పూర్తిగ వర్జింపవలెను.

వృత్తిదారులకు సదుపాయములు

2021 జనవరి నుండి మన దేశమున అమ్ము ఆటవస్తువులకు నాణ్యతా ముద్ర తప్పనిసరి యైనది. అయితే హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమున నమోదైన వృత్తిదారులకును, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల అధీకృత ఉత్పత్తిదారులకును ఈ నిబంధన నుండి మినహాయింపు కలదు. కావున పనివారు తమ పేరు నమోదు చేయించుకొని గుర్తింపు కార్డు పొందుట అత్యవసరము.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో సాంప్రదాయిక బొమ్మల తయారీ ఒకటి. 18 ఏండ్లు నిండినవారు, కుటుంబమునకు ఒకరు చొప్పున ఇందు చేరవచ్చును. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, హామీ లేకుండ రెండు విడతలుగ 3 లక్షల రూపాయల వరకు 5 శాతము వడ్డీపై ఋణము ఇందలి ముఖ్యాంశములు.

మరియొక విషయము. కర్ర లేనిదే కళ లేదు. అంకుడు, పొణికి చెట్లను నరుకుటయే గాని నాటుట లేకున్నచో ఎంత నేర్పరి యైనను తరిమెన ముందు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. గట్లపైనను, బంజరులలోను వీనిని నాటుట ముందుతరమునకు మనము చేయదగిన మేలు.

వచ్చు తిరునాళ్ళలో పిల్లలకు బొమ్మ కొనునపుడు ధరతో పాటు మూడు విషయములు విచారింపుడు: అది ఏ కర్రతో చేసినది, ఏ రంగు పూసినది, బిడ్డ నోట పట్టునా పట్టదా? ఈ మూడింటికి సరియైన సమాధానము చెప్పగల పనివానికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చినను నష్టము లేదు. ఆ సొమ్ము వాని పొయ్యిని వెలిగించును. ఆ పిడత మన బిడ్డ ఆటను నిరపాయముగ సాగించును.