వేలు ఏ మాట మీద ఉంది?

మూడో తరగతి పిల్లవాడు తెలుగు పాఠం గడగడా అప్పజెబుతాడు. గొంతు ఖంగుమంటుంది, ఎక్కడా తడబాటు ఉండదు. కానీ వాడి వేలు చూడండి. నోరు మూడో వాక్యంలో ఉంటే వేలు ఇంకా మొదటి వాక్యం మీదే ఉంటుంది. పుస్తకం మూసేసి, ఆ పాఠంలోని మాటలతోనే బోర్డు మీద ఓ కొత్త వాక్యం రాసి చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. ఒత్తు వచ్చిన చోట ఆగిపోయి నా ముఖం చూస్తాడు. నెల్లూరు జిల్లా పల్లె బడుల్లో ప్రాథమిక తరగతుల టీచరు(ఎస్జీటీ)గా పనిచేస్తున్న నాకు బడి తెరిచిన ప్రతిసారీ ఇలాంటి పిల్లలు కనబడతారు. వాళ్లలో చాలామందికి కిందటేడు మార్కులు బాగానే ఉంటాయి.

పరీక్షలన్నీ ఒకటి కావు. ఆ తేడా తల్లిదండ్రులకు ఎవరూ విడమరచి చెప్పరు. ఏడాది పొడుగునా బడిలో జరిగే ఎఫ్.ఏ., ఎస్.ఏ. పరీక్షలు మేమే పెట్టి, మేమే దిద్ది, మార్కులు మేమే ఎక్కించేవి. కేంద్రం జరిపే సర్వేలు వేరు. 2021 నవంబరు 12న జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న పరఖ్ సర్వే దేశమంతటా ఒకే రోజున జరిగాయి. అవి ఎంపిక చేసిన బడుల్లో, కొన్ని తరగతులకే. జిల్లా పరిస్థితి ఏమిటో వాటిలో తెలుస్తుంది గానీ, మీ అమ్మాయికి చదవడం వచ్చిందో లేదో తెలియదు.

నాకు బాగా నచ్చింది ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే. వాళ్లు పిల్లల్ని వెతుక్కుంటూ ఇంటికే వెళ్తారు. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. ఒక్కో బిడ్డను విడిగా కూర్చోబెట్టి చేతికి ఒక కాగితం ఇస్తారు. ముందు ఒకటో తరగతి స్థాయి పేరా. అది చదివితే రెండో తరగతి స్థాయి కథ. చదవలేకపోతే విడి మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. అంతే. పక్కవాడిది చూసి రాసే వీలు లేదు, నాలుగు జవాబుల్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టే వీలూ లేదు.

2024లో ఆ సర్వే చెప్పిందేమిటంటే, దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 27.1 శాతం. ఐదో తరగతికి వచ్చినా 48.8 శాతమే. కోవిడ్ మూతలు ముగిశాక 2022లో మూడో తరగతి శాతం 20.5కు పడిపోయింది, అక్కడి నుంచి లేచి పాత స్థాయికి చేరింది. ఆ లేవడం వెనక ఎందరు టీచర్ల గొంతులు బొంగురుపోయాయో నాకు తెలుసు. అయినా ఐదో తరగతిలో సగం మంది పిల్లలు కథ చదవలేకుండానే హైస్కూలు గడప తొక్కుతున్నారంటే నిద్ర పట్టదు.

పరీక్ష అసలు ఎందుకు? 52లోంచి 28 తీసేయమంటే ఒక పిల్ల 36 అని రాస్తుంది. దానికి సున్నా వేసి పక్కన పెట్టేస్తే నాకు తెలిసిందేమీ లేదు. ఎలా చేశావమ్మా అని అడిగితే, 'ఎనిమిదిలోంచి రెండు తీసేశాను టీచర్' అంటుంది. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయాలని ఎప్పుడో విన్నది, అదే అన్నిచోట్లా వాడుతోంది. పదులూ ఒకట్లూ దాని మనసులో ఇంకా విడిపోలేదు. రేపు చింతగింజలు, పుల్లల కట్టలు తెచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో ఆ 36 నాకు చెప్పేసింది. సరైన జవాబు ఎక్కించుకున్న రిజిస్టరు నాకు ఆ సాయం చేయలేదు.

ఫలితాలకు డబ్బు ముడిపెడితే బాగుపడతాయా అన్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పరీక్షించి చూశారు. 2005లో మొదలైన ఆ అధ్యయనానికి ఎంచుకున్న ఐదు జిల్లాల్లో మా నెల్లూరు ఒకటి. మిగతావి ఆదిలాబాద్, నిజామాబాద్, విశాఖపట్నం, కడప. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపించారు. పిల్లల సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయల బోనస్. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు తెలుగులో, లెక్కల్లో మిగతా బడుల పిల్లల్ని దాటారు. బోనస్ లేని సైన్సులో, సాంఘికశాస్త్రంలో కూడా ముందుకెళ్లారు. ఇందులో నేను గట్టిగా పట్టుకునే విషయం బోనస్ కాదు. అక్కడ పరీక్ష పెట్టిందీ, దిద్దిందీ ఆ బడి టీచర్లు కాదు, బయటివాళ్లు. అంకె నిజమైనది కాబట్టే దాని మీద పందెం కాయగలిగారు.

అంకెను తయారుచేసేవాళ్లే దానికి జవాబుదారులైనప్పుడు ఏమవుతుందో కూడా మన దగ్గరే బయటపడింది. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఆంధ్రప్రదేశ్ బడుల్లో జరిపిన అధ్యయనంలో, కాగితం మీద పెట్టిన అధికారిక పరీక్షల మార్కులు, విడిగా మళ్లీ పరీక్షించినప్పుడు వచ్చినవాటికన్నా ఎక్కువగా ఉన్నాయి. ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల ఫలితాలు మాత్రం నిజానికి దగ్గరగా వచ్చాయి.

టీచర్లు అబద్ధాలకోరులు కారు. రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, యాప్‌లలో ఫోటోలు ఎక్కిస్తూ పాఠం చెప్పే మనిషిని, ఫలానా బడికి తక్కువ శాతం ఎందుకొచ్చిందని నలుగురిలో నిలబెట్టి అడిగితే, మరుసటి ఏడు ఆ శాతం ఎలాగోలా పెరుగుతుంది. ఒక సమీక్షలో తోటి టీచరు నిజాయితీగా 'సి' గ్రేడు పిల్లల పేర్లు చదివి మందలింపు తిన్నారు. ఆ గదిలో ఉన్న మేమందరం ఆ రోజు ఏం నేర్చుకున్నామో వేరే చెప్పాలా? నష్టపోయింది ఆ 'సి' గ్రేడు పిల్లలే. మార్కు పెరిగిన మరుక్షణం వాళ్ల అవసరం కాగితం మీంచి మాయమవుతుంది.

కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని. మంచి లక్ష్యం, నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అధికారులకు నా మనవి ఒక్కటే. తక్కువ శాతం చూపించిన బడికి మెమో కాదు, ఇంకో టీచర్ని పంపండి.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు మీ బిడ్డకు ఎప్పుడూ చూడని కథ ఒకటి ఇచ్చి, వేలు పెట్టి పైకి చదవమనండి. మీకు చదువు రాకపోతే ఇంట్లోనో పక్కింట్లోనో చదువుకున్న పిల్లను పక్కన కూర్చోబెట్టండి. తడబడితే కొట్టకండి. మరునాడు బడికి వచ్చి, ఎక్కడ ఆగిపోయాడో మాకు చెప్పండి.