కడుపులో బిడ్డ సిర దారి తప్పితే.. గుండెకు ఏమవుతుంది?

ఐదో నెల స్కాన్‌ చూసి ‘బిడ్డ రక్తనాళంలో తేడా ఉంది, ఫీటల్‌ ఎకో చేయించండి’ అని డాక్టరు రాస్తే ఏ తల్లికైనా కంగారే. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కొత్తపల్లె లాంటి ఊళ్లలో ‘బిడ్డ కదులుతోంది కదా, ఇప్పుడు అంత దూరం ఎందుకు’ అని ఆగిపోయే అవకాశమూ ఉంది. అలా ఆగకూడదు. ఎందుకంటే..

సిరలకు, గుండెకు సంబంధమేంటి?

కడుపులోని బిడ్డకు ఆక్సిజన్‌ ఊపిరితిత్తుల నుంచి కాదు, తల్లి మాయ నుంచి అందుతుంది. ఆ రక్తాన్ని బొడ్డుతాడులోని సిర తెస్తుంది. కాలేయం దగ్గరున్న ‘డక్టస్‌ వీనోసస్‌’ అనే సన్నని నాళం అందులో కొంత భాగాన్ని గుండె వైపు పంపుతుంది. మూడో నెల నాటికే గుండెకు నాలుగు గదులు ఏర్పడతాయి. ఆ తర్వాత అవి ఎలా ఎదుగుతాయనేది వాటి గుండా వెళ్లే రక్తంపై చాలావరకు ఆధారపడుతుంది.

ఏ తేడా ఎంత ప్రమాదం?

- డక్టస్‌ వీనోసస్‌ లేకపోతే: రక్తం అదుపు లేకుండా గుండెలోకి రావొచ్చు. గుండె పెద్దదై, బిడ్డ ఒంటికి నీరు పట్టే ప్రమాదముంది.
- ఊపిరితిత్తుల సిరలు గుండె ఎడమ వైపునకు బదులు కుడి వైపు కలిస్తే: ఎడమ గదులు చిన్నవిగా మిగలొచ్చు. సిరలో అడ్డంకి కూడా ఉంటే పుట్టిన కొన్ని గంటల్లోనే బిడ్డ నీలంగా మారొచ్చు. ఆపరేషన్‌ తప్పనిసరి.
- ఛాతీలో ఎడమ వైపు అదనపు పెద్ద సిర ఉంటే: గుండె మామూలుగా ఉన్నప్పుడు చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి?

18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్‌ చేయించాలి. అందులో అనుమానం వచ్చినా, తల్లికి ముందు నుంచే షుగర్‌ ఉన్నా, కుటుంబంలో పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా, మేనరికమైనా ఫీటల్‌ ఎకో గురించి డాక్టరును అడగాలి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా పరీక్షిస్తారు. ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తకు రిపోర్టు చూపిస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ముందే తెలిస్తే లాభమేంటి?

కాన్పు ఎక్కడ అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. నంద్యాల నుంచి కర్నూలు దాదాపు 70 కిలోమీటర్లు. ఊపిరాడని పసికందుకు అది చాలా దూరం. చిన్నపిల్లల గుండె చికిత్సల కోసమే టీటీడీ 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి హృదయాలయాన్ని ప్రారంభించింది. ఎన్టీఆర్‌ వైద్య సేవ వివరాలకు 104కు ఫోన్‌ చేయొచ్చు.

స్కాన్‌లో అన్నీ బయటపడవు. పుట్టాక బిడ్డ పెదాలు నీలంగా మారినా, పాలు తాగుతూ చెమటలు పట్టి ఆయాసపడినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్‌ చేయండి. స్కాన్‌ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.