దువ్వెన, పురికొస, పట్టుదారం: మీకు తెలుసా?

నూనె రాయని పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు గబగబా దువ్వి, చింపిన కాగితం ముక్కల మీదుగా పట్టుకోండి. ముక్కలు లేచి దువ్వెనకు అతుక్కుంటాయి. ఇది చిన్నప్పుడు అందరం చేసిందే. ఈసారి మాత్రం చూపు తిప్పకుండా ఇంకాసేపు చూడండి. అతుక్కున్న ముక్కల్లో ఒకటో రెండో ఎవరో విసిరికొట్టినట్టు దూరంగా ఎగిరిపడతాయి. లాగడం అందరికీ గుర్తుంటుంది, ఈ తోసెయ్యడాన్ని గమనించినవాళ్లు తక్కువ. స్థిర విద్యుత్తు గురించి తెలుసుకోవాల్సినదాంట్లో సగం ఆ ఎగిరిపడ్డ ముక్కలోనే ఉంది.

◆ దువ్వెన విద్యుత్తును పుట్టించదు. రెండు వస్తువులు ఒరుసుకుంటే ఒకదాని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి చేరతాయి. దువ్వెనకు వచ్చినవన్నీ జుట్టు పోగొట్టుకున్నవే. దువ్వెన మీద ఎంత రుణావేశమో, జుట్టు మీద అంతే ధనావేశం. వెంట్రుకలన్నింటిదీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ నిక్కబొడుచుకుంటాయి. మరి ఏ ఆవేశమూ లేని కాగితం ముక్క ఎందుకు లేచింది? దువ్వెన దగ్గరికి రాగానే ముక్కలోని ఎలక్ట్రాన్లు రవ్వంత వెనక్కి జరుగుతాయి, దువ్వెన వైపు ధనావేశం తేలుతుంది. దగ్గరున్నదాని మీద లాగుడు ఎక్కువ కదా, ముక్క లేస్తుంది. అతుక్కున్నాక దువ్వెన మీది ఆవేశం కొంత ముక్కకు పాకితే రెండూ ఒకే జాతి అయిపోతాయి. అప్పుడిక ఎగిరిపడక తప్పదు.

◆ కరెంటుకు పేరు పెట్టింది గడ్డిపరక అంటే నమ్ముతారా? చెట్టు బంక శిలాజంగా మారితే వచ్చే అంబరును గ్రీకులు ‘ఎలెక్ట్రాన్’ అనేవారు. రుద్దితే అది తేలికైన వస్తువులను లాగుతుంది. ఆ మాట నుంచే 1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్, ఇలా లాగే వస్తువులన్నింటికీ ‘ఎలెక్ట్రిక్’ అని లాటిన్‌లో పేరు పెట్టాడు. పారశీకులు అదే అంబరును ‘కాహ్‌రుబా’ అన్నారు, అంటే గడ్డిని లాక్కునేది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లను అడగండి, అక్కడ అరబ్బీలో కరెంటును ‘కహ్‌రబా’ అంటారని చెబుతారు. గడ్డిపరకను లాగే మణి అన్న అర్థంలో సంస్కృతానికీ తృణమణి అనే మాట ఉంది. అయినా మనం కరెంటుకు పేరును ఆ మణి నుంచి తీసుకోలేదు. విద్యుత్ అంటే మెరుపు. దువ్వెన మీది చిటపట, ఆకాశంలో మెరుపు ఒకటేనని రుజువు కావడానికి 18వ శతాబ్దం దాకా పట్టింది. మన మాట ఆ రెండింటినీ ఇప్పుడు ఒకే పేరుతో పిలుస్తోంది. నాకు ఇది ఎంతో ముచ్చటగా ఉంటుంది.

◆ విద్యుత్తు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుందని మొదట చూపించినవాడు బట్టలకు రంగులద్దే కుటుంబంలో పుట్టిన మనిషి. ఇంగ్లండులో కాంటర్‌బరీకి చెందిన స్టీఫెన్ గ్రే, తానూ అదే పనిచేసి బతికాడు. 1729 నాటికి ముసలివాడై లండన్‌లో చార్టర్‌హౌస్ అనే ధర్మసంస్థ నీడన ఉంటున్నాడు. ఒక గాజు గొట్టంలోకి దుమ్ము పోకుండా రెండు చివరలా బెండు బిరడాలు బిగించాడు. గొట్టాన్ని రుద్దితే ఈక వెళ్లి గొట్టానికి కాదు, బిరడాకు అతుక్కుంది! రుద్దింది గాజును, లాగింది బిరడా. అంటే ఏదో గాజు నుంచి బిరడాలోకి నడిచి వెళ్లింది.

ఆ నడక ఎంత దూరం సాగుతుందో చూడాలని పురికొస కట్టి మేడ మీది నుంచి కిందికి వేలాడదీశాడు. పనిచేసింది. అడ్డంగా సాగదీసి, అదే పురికొస ముక్కలతో దూలానికి వేలాడగడితే మాత్రం పనిచేయలేదు. విద్యుత్తు ఆ ముక్కల గుండా దూలంలోకి జారిపోతోందన్నమాట. గ్రాన్విల్ వీలర్ అనే మిత్రుడి ఇంట్లో, సన్నగా ఉంటే తక్కువ జారుతుందన్న ఆలోచనతో ఆ ముక్కల బదులు పట్టుదారం వాడారు. బ్రహ్మాండంగా పనిచేసింది. దూరం పెంచేసరికి బరువుకు పట్టుదారం తెగింది. అంతే సన్నగా, గట్టిగా ఉంటుందని ఇత్తడి తీగ కట్టారు. ఎంత రుద్దినా చివర ఏమీ లేదు!

విద్యుద్వాహకాలు, విద్యుద్బంధకాలు అని మనం బడిలో రెండు వరుసలుగా రాసుకున్న పాఠం పుట్టింది ఆ తెగిన దారం దగ్గరే. సన్నమా లావా అన్నది కాదు, పట్టు పట్టే, ఇత్తడి ఇత్తడే. పట్టు విద్యుత్తును పోనివ్వదు, ఇత్తడి పోనిస్తుంది. ఆ సంగతి తెలిశాక 200 మీటర్లకు పైగా దాన్ని నడిపించారు. మరుసటి ఏడాది గ్రే ఒక కుర్రాణ్ని తాళ్లతో గాల్లో పడుకోబెట్టినట్టు వేలాడదీసి, రుద్దిన గొట్టాన్ని కాళ్ల దగ్గర పెట్టాడు. ఇత్తడి రేకు తునకలు కుర్రాడి ముఖం వైపు ఎగిరాయి. మనిషి ఒళ్లు కూడా వాహకమే. లండన్ రాయల్ సొసైటీ ఇచ్చే కోప్లీ పతకం మొట్టమొదట, 1731లో, అందుకున్నది ఈ గ్రేయే.

◆ ఆవేశాలు రెండు రకాలని 1733లో ఫ్రాన్సులో దూఫే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. వాటికి ధన, రుణ అని పేరు పెట్టింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆవేశం ఎటు నుంచి ఎటు పోతోందో ఆయనకు కనిపించే వీలు లేదు, ఊహించి చెప్పాడు. 1897లో ఎలక్ట్రాన్ బయటపడ్డాక చూస్తే దానిది రుణావేశం. అందుకే తీగలో ఎలక్ట్రాన్లు ఒకవైపు పోతుంటే, మనం బొమ్మలో కరెంటు బాణం గుర్తును ఎదురువైపు గీస్తాం.

◆ ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కూలంబు. ఒక్కో కూలంబు ఆవేశం ఉన్న రెండు గోళీలను మీటరు దూరంలో పెట్టగలిగితే వాటి మధ్య బలం సుమారు తొమ్మిది లక్షల టన్నుల బరువుకు సమానం. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె తీగలో సెకనుకు నాలుగు కూలంబులకు పైగా కదులుతుంటాయి. అయినా ఏమీ కాదు, ఎందుకంటే తీగలో ప్రతి ఎలక్ట్రాన్‌కూ సరితూగే ధనావేశం పక్కనే ఉంటుంది. దువ్వెన మీద మిగిలేది సాధారణంగా కూలంబులో కోటో వంతు కూడా కాదు. ఆ కాస్తకే కాగితాలు లేస్తున్నాయి.

◆ తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనే ఆ నిప్పురవ్వ ఎన్ని వోల్టులో తెలుసా? పొడిగాలిలో ఒక్క మిల్లీమీటరు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. ఇంట్లో కరెంటు 230 వోల్టులే! అయినా రవ్వ ప్రాణం తీయదు, దాని వెనకున్న ఆవేశం అతి స్వల్పం, కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఇది అరుదు. సముద్రపు గాలిలోని తేమ ప్రతి వస్తువు మీదా కంటికి కనపడని నీటిపొర పరుస్తుంది, ఆవేశం దాని మీదుగా మెల్లగా జారిపోతుంది. అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో ఉంటున్న మన పిల్లలను అడగండి. శీతాకాలం హీటరు వేసిన ఇంట్లో కార్పెట్ మీద నడిచి తలుపు తీయబోతే రోజూ ఇదే బాధ. దానికి ఓ ఉపాయం ఉంది. ముందు తాళంచెవిని గట్టిగా పట్టుకుని దాని కొనతో పిడిని తాకండి. రవ్వ ఇనుముకు, ఇనుముకు మధ్య దూకుతుంది, వేలి చివర సూదిపోటు ఉండదు.

◆ పెట్రోలు బంకులో ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు పట్టించుకోవడం ప్రమాదం. పెట్రోలు పైపులోంచి పారుతున్నప్పుడే ఆవేశం పోగుచేసుకుంటుంది. ప్లాస్టిక్ బంధకం కాబట్టి దానికి దిగిపోయే దారి ఉండదు, పైన ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. తగిన లోహపు డబ్బా అయినా సరే, నేల మీద పెట్టే నింపాలి. దయచేసి ఇది మాత్రం మరిచిపోకండి.

◆ ఎగిరే తేనెటీగ ఒంటి మీద ధనావేశం చేరుతుంది. పువ్వుకు ఉండేది కొద్దిపాటి రుణావేశం. అందుకే వాలకముందే పుప్పొడి దాని ఒంటి మీదికి దూకగలదు. తేనెటీగల బంధువులైన బంబుల్‌బీలు పువ్వు చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టగలవని 2013లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు.

◆ రామగుండం లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోని బూడిదను పట్టేది కూడా ఈ దువ్వెన సూత్రమే. పొగదారిలో వేల వోల్టుల తీగలు బూడిద రేణువులకు ఆవేశం ఎక్కిస్తాయి, పక్కనున్న పలకలు వాటిని లాక్కుంటాయి. సుత్తులు పలకలను తడుతుంటే బూడిద కిందికి రాలుతుంది. మనం ఇళ్లు కట్టుకునే ఫ్లైయాష్ ఇటుకల్లో ఉన్నది ఆ బూడిదే.

◆ వీధి చివర జిరాక్స్ షాపులో వాహకం, బంధకం రెండూ ఒకే వస్తువు. మిషన్‌లోని డ్రమ్ము పూత చీకట్లో బంధకం, వెలుగు పడితే వాహకం. చీకట్లో దానికి ఆవేశం ఎక్కిస్తారు. పాతరకం మిషన్లలో కాగితం తెలుపు నుంచి తిరిగొచ్చిన వెలుగు పడ్డచోట ఆవేశం దిగిపోయేది. నల్లని అక్షరాల నీడలో మాత్రం నిలిచేది, నల్లపొడి అక్కడే అతుక్కునేది. ఆ పొడిని ఆవేశంతోనే కాగితం మీదికి లాగి, వేడి రోలరుతో కరిగిస్తారు. పేటెంటు కాగితాలకు నకళ్లు తీయలేక విసిగిన చెస్టర్ కార్ల్‌సన్, 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఒక అద్దె గదిలో దీన్ని సాధించాడు. గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో రుద్ది, ఆ తేదీనీ ఊరి పేరునూ రాసిన గాజుపలకను దాని మీద పెట్టి, దీపం వెలుగు పడనిచ్చాడు. పొడి చల్లి ఊదితే అక్షరాలు మిగిలాయి. ఈసారి ఆధార్ కార్డు జిరాక్స్ తీయించినప్పుడు, గాలి పొడిగా ఉన్న రోజైతే, అప్పుడే బయటికొచ్చిన వేడి కాగితాన్ని ముంజేతికి దగ్గరగా పట్టుకోండి. చేతి వెంట్రుకలు దాని వైపు లేస్తాయి.